మీ కారుకి ఏ ఆక్టేన్ పెట్రోలు పోయించాలి?

బంకులో కారు ఆపి అద్దం దించగానే "పవర్ వెయ్యమంటారా సార్? మైలేజీ బాగుంటది" అని అడుగుతాడు కుర్రాడు. వెనకవాళ్లు హారన్ కొడుతుంటారు. సరే అంటే లీటరుకి ఏడెనిమిది రూపాయలు అదనం. వద్దంటే కారుకి ఏదో తక్కువ చేస్తున్నామేమోనని మనసులో పీకుతుంటుంది. ఈ టెన్షన్ అక్కడ పడేకంటే ఇంటి దగ్గరే ఒక పావుగంట కూర్చుని తేల్చేసుకోవడం మేలు. ఒకసారి తేలిన ఆక్టేన్ అంకె ఆ కారు అమ్మేదాకా మారదు.

ఇదంతా పెట్రోలు కార్ల సంగతి. డీజిల్‌కి ఆక్టేన్ లెక్క వర్తించదు, దానికి సీటేన్ అని వేరే కొలత ఉంది. సీఎన్జీకి ఆక్టేన్ ఎలాగూ పెట్రోలుకంటే చాలా ఎక్కువ, అక్కడ మనం ఎంచుకునేదేమీ లేదు.

ముందు మూత తెరిచి చదవండి

పెట్రోలు పోసే చోట ఉండే చిన్న తలుపు తెరిచి, దాని లోపలివైపు చూడండి. చాలా కార్లకి అక్కడ ఒక స్టిక్కర్ ఉంటుంది. అన్‌లెడెడ్ (సీసం లేని పెట్రోలు) అనే మాట పక్కన ఆర్‌ఓఎన్ (రీసెర్చ్ ఆక్టేన్ నంబర్) అనే మూడు అక్షరాలు, ఒక అంకె కనిపిస్తాయి. ఈ20 అని కూడా రాసి ఉంటే ఆ బండి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకి తయారైందని అర్థం. స్టిక్కర్ ఊడిపోయినా, దుమ్ము పట్టి చెరిగిపోయినా డ్యాష్‌బోర్డు డబ్బాలో మాన్యువల్ ఉంటుంది. అందులో ఇంధనం అనే అధ్యాయం తీయండి. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్ల దగ్గర మాన్యువల్ లేకపోతే కంపెనీ సైటులో మోడల్, సంవత్సరం, ఇంజిన్ చూసుకుని దించుకోవాలి. ఇంజిన్ అని ప్రత్యేకంగా ఎందుకంటున్నానంటే, ఒకే పేరుతో అమ్మే కారులో మామూలు ఇంజిన్‌కి ఒక అంకె, టర్బో ఇంజిన్‌కి ఇంకో అంకె ఉండొచ్చు.

చదివేటప్పుడు అంకెతో పాటు దాని పక్కనున్న మాట కూడా పట్టుకోండి. "కనీసం 91" అంటే 91 సరిపోతుంది, అక్కడితో వెతుకులాట ఆపేయొచ్చు. "95 సిఫారసు, 91 వాడవచ్చు" అంటే 91 పోసినా ఇంజిన్ పాడవదు, కాకపోతే కొంచెం ఊపు తగ్గుతుంది. కొన్ని యూరప్ కంపెనీల కార్ల మూతమీద 95/91 అని రెండు అంకెలు పక్కపక్కనే కనిపించేది ఇందుకే. "కనీసం 95" లేదా "98 తప్పనిసరి" అంటే మాత్రం బేరం లేదు. దిగుమతి చేసుకున్న స్పోర్ట్స్ కార్లలో, ఖరీదైన టర్బో ఇంజిన్లలో ఇలాంటి మాట ఎక్కువగా చూస్తాం.

ఆ అంకె దేన్ని కొలుస్తుంది?

చాలామంది ఆక్టేన్ అంటే పెట్రోలులో ఉండే "పవర్" అనుకుంటారు. బంకుల బోర్డులు కూడా అలాగే రాస్తాయి, పాపం జనం తప్పేముంది. నిజానికి ఆ అంకె చెప్పేది ఓర్పు గురించి. సిలిండర్‌లో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ గట్టిగా నొక్కుతుంది. నొక్కేకొద్దీ అది వేడెక్కుతుంది. స్పార్క్ ప్లగ్ నిప్పు పెట్టాక మంట ఒక చివర నుంచి రెండో చివరకి వరసగా పాకాలి. మంట ఇంకా చేరని మూలలో ఉన్న మిశ్రమం ఆ వేడికి, ఒత్తిడికి తట్టుకోలేక తనంతట తనే భగ్గుమంటే దాన్ని నాకింగ్ అంటారు. ఆ దెబ్బ పిస్టన్ తలమీద, బేరింగుల మీద పడుతుంది. అలా తొందరపడి అంటుకోకుండా పెట్రోలు ఎంతవరకు ఓర్చుకుంటుందో చెప్పేదే ఆక్టేన్ నంబరు.

దీన్ని కొలవడానికి 1920ల చివర్లో అమెరికాలో ఒక ఒంటి సిలిండర్ ఇంజిన్ తయారు చేశారు. నడుస్తుండగానే దాని కంప్రెషన్, అంటే మిశ్రమాన్ని ఎంత గట్టిగా నొక్కుతుందో అది, పెంచొచ్చు, తగ్గించొచ్చు. ఐసో ఆక్టేన్ అనే ద్రవానికి 100, హెప్టేన్‌కి 0 అని పెట్టుకుని, మన పెట్రోలు ఆ రెండింటి ఏ మిశ్రమంలా ప్రవర్తిస్తుందో చూస్తారు. 91 ఆర్‌ఓఎన్ అంటే 91 పాళ్ల ఐసో ఆక్టేన్, 9 పాళ్ల హెప్టేన్ కలిపితే ఎంత ఓర్చుకుంటుందో అంత అని. ఇప్పటికీ ఇదే పద్ధతి.

అంటే 91కి తయారైన ఇంజిన్‌లో 100 పోస్తే అదనపు ఓర్పు ఊరికే ఉండిపోతుంది. దాన్ని వాడుకునే ఒత్తిడి ఆ ఇంజిన్‌లో పుట్టదు.

బంకులో ఇప్పుడు దొరుకుతున్నది ఏమిటో చూడండి

ఇక్కడే పాత లెక్కలు మారిపోయాయి. ఒకప్పుడు మన మామూలు పెట్రోలు 88 ఆక్టేన్, తర్వాత 91 అయింది. ఇథనాల్ ఆక్టేన్ 108 దాకా ఉంటుంది కాబట్టి అది కలిసేకొద్దీ పెట్రోలు అంకె పెరుగుతూ వచ్చింది. 20 శాతం కలిశాక మామూలు పెట్రోలు కూడా 95కి చేరిందని కేంద్ర పెట్రోలియం శాఖే 2025 ఆగస్టులో ప్రకటించింది. అలాంటప్పుడు కేవలం 95 అనే అంకె కోసం ప్రీమియం, అంటే పవర్ లాంటి ఖరీదైన పెట్రోలు, కొనడంలో నాకైతే అర్థం కనిపించదు. అందులో అదనంగా వచ్చేది ఇంజెక్టర్లు, వాల్వులు శుభ్రంగా ఉంచే డిటర్జెంట్ రకం మందులు. అవి పనికిరావని అనను. డబ్బు దేనికి కడుతున్నామో తెలిసి కట్టాలని మాత్రం అంటాను.

పేర్ల గందరగోళం ఇంకోటి. స్పీడ్, పవర్, ఎక్స్‌పీ, వీ-పవర్ అని ఒక్కో కంపెనీది ఒక్కో పేరు. ఒకప్పుడు వీటిలో కొన్ని మామూలు ఆక్టేన్ పెట్రోలులోనే మందులు కలిపి అమ్మినవి. అందుకని పేరు వదిలేసి పంపు మీద ఉన్న అంకె చూడండి. అంకె కనబడకపోతే అడగండి. "బాబూ, ఇది ఎంత ఆక్టేన్?" అంటే బంకు కుర్రాడికి తెలియకపోవచ్చు, లోపల మేనేజరుకి తెలియాలి.

ఇక 100 ఆక్టేన్. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో ఎక్స్‌పీ 100 తెచ్చినప్పుడు ఢిల్లీలో లీటరు 160 రూపాయలు, అప్పటి మామూలు పెట్రోలుకి దాదాపు రెట్టింపు. కొన్ని పెద్ద బైకులకి, ట్యూన్ చేయించిన కార్లకి, 98 అడిగే దిగుమతి బళ్లకి ఇది నిజంగానే అవసరం. వాగనార్‌లో పోయించేవాళ్లని కూడా చూశాను, వాళ్ల ఇష్టం.

ప్రీమియం అంటే ఇథనాల్ ఉండదని కొందరు నమ్ముతారు. అన్నిటికీ అది నిజం కాదు. పాత కారులో రబ్బరు పైపుల గురించి దిగులుపడి ఇథనాల్ లేని పెట్రోలు వెతుకుతున్నవాళ్లు ఆ మాట విడిగా అడిగి తెలుసుకోవాలి, ఆక్టేన్ అంకె చూసి ఊహించుకోకూడదు.

మీ ఇంజిన్ ఏ రకమో తెలుసుకోండి

కంప్రెషన్ ఎక్కువైతే ఆక్టేన్ ఎక్కువ కావాలని పాత మెకానిక్కులు చెప్తారు. అది సూత్రంగా సరైనదే. కానీ ఆ ఒక్క అంకె చూసి నిర్ణయించకండి. మారుతీ స్విఫ్ట్, బలెనోల్లో వచ్చిన కె12ఎన్ ఇంజిన్ కంప్రెషన్ 12:1. పాతకాలం లెక్కలో అది రేసు కారు అంకె. అయినా మామూలు పెట్రోలుతో హాయిగా నడిచిపోతుంది. దహన గది ఆకారం, వాల్వు టైమింగ్, చల్లబరిచే పద్ధతి ఇవన్నీ కలిపి ఇంజనీర్లు అలా కుదిర్చారు.

టర్బో ఇంజిన్ల కథ వేరు. బయటి గాలిని దట్టించి లోపలికి పంపుతారు కాబట్టి కాగితం మీద కంప్రెషన్ తక్కువగా కనిపించినా లోపల ఒత్తిడి చాలా ఎక్కువ. ఇప్పటి కార్లలో దాదాపు అన్నిటికీ నాక్ సెన్సర్ ఉంటుంది. ఇంజిన్ బ్లాకుకి బోల్టుతో బిగించిన చిన్న ముక్క అది. నాకింగ్ అదురు తగలగానే కంప్యూటర్‌కి చెప్తుంది, కంప్యూటర్ స్పార్క్‌ని కాస్త ఆలస్యం చేస్తుంది. ఇంజిన్ బతికిపోతుంది, ఊపు తగ్గుతుంది. 95 సిఫారసు చేసిన టర్బో కారులో ఆక్టేన్ పెంచినప్పుడు తేడా తెలిసేది ఇలాగే. ఆలస్యం చేసిన స్పార్క్‌ని కంప్యూటర్ మళ్లీ ముందుకి తెచ్చుకుంటుంది. మామూలు 1.2 లీటర్ల ఇంజిన్‌లో 91 చాలని రాసి ఉంటే వెనక్కి తెచ్చుకోవడానికి అక్కడ పోయిందేమీ ఉండదు.

మన ఎండలు కూడా లెక్కలోకి వస్తాయి. మే నెల మధ్యాహ్నం రెంటచింతలలోనో రామగుండంలోనో 45 డిగ్రీల్లో, ఐదుగురు కూర్చుని ఏసీ వేసుకుని వెళ్తున్న టర్బో కారు, డిసెంబరు పొద్దున అదే కారు ఒకటి కాదు. వేడిగాలి లోపలికి వెళ్తే నాకింగ్‌కి దారి సులువు. 95 సిఫారసు ఉన్న కారైతే మీరు ఎప్పుడైనా ఎక్కువ ఆక్టేన్ మీద డబ్బు పెట్టదలుచుకుంటే ఆ రెండు నెలలు పెట్టండి.

చెవి పెట్టి వినండి

నాకింగ్ ఉందో లేదో ఖాళీగా నిలబెట్టి రేస్ చేస్తే తెలియదు. ఇంజిన్ మీద బరువు పడాలి. శ్రీశైలం ఘాట్ గానీ అరకు ఘాట్ గానీ ఎక్కుతున్నప్పుడు మంచి అవకాశం. పక్కన కొండ గోడ ఉన్న చోట అద్దాలు దించి, ఏసీ, పాటలు ఆపేసి, మూడో గేరులో కాస్త తక్కువ వేగం దగ్గర నుంచి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. శబ్దం గోడకి తగిలి వెనక్కి వస్తుంది కాబట్టి స్పష్టంగా వినిపిస్తుంది. కాగిన మూకుడులో ఆవాలు చిటపటలాడినట్టు సన్నటి లోహపు శబ్దం వస్తే, కాలు తీయగానే ఆగిపోతే, అది నాకింగే.

పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు వచ్చే టకటక అది కాదు, ఆ చప్పుడు సాధారణంగా వాల్వులని కదిపే టాపెట్లది. పెట్రోలుని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ కార్లలో బానెట్ తెరిస్తే ఇంజెక్టర్లు టిక్కుటిక్కుమంటూనే ఉంటాయి, అది వాటి సహజ గుణం. సైలెన్సర్ పైన ఉండే రేకు వదులైతే కూడా ఒక వేగం దగ్గర గలగలమంటుంది. చాలామంది ఆ రేకు చప్పుడుకి నెలల తరబడి ప్రీమియం పోయిస్తుంటారు.

నాకింగ్ వినబడినప్పుడు మొదట చేయాల్సింది గేరు తగ్గించడం. ఎక్కువ గేరులో తక్కువ వేగంతో ఘాట్ ఎక్కించడం మన దగ్గర పెద్ద అలవాటు, పెట్రోలు మిగులుతుందని. అలా లాగించినప్పుడే ఇంజిన్‌కి ఎక్కువ హింస.

నాకింగ్ పోకపోతే పెట్రోలు మార్చే ముందు ఇవి చూపించండి

గేరు సరిగ్గా వేసినా, మాన్యువల్ చెప్పిన ఆక్టేనే పోసినా నాకింగ్ వస్తుంటే ఎక్కడో లోపం ఉంది. ఎక్కువ ఆక్టేన్ దాన్ని కప్పిపెడుతుందే తప్ప బాగుచేయదు. లక్ష కిలోమీటర్లు తిరిగిన కారులో పిస్టన్ తలమీద మసి పేరుకుని ఉంటుంది. ఆ మసి జాగా ఆక్రమించడంతో కంప్రెషన్ పెరుగుతుంది, ఎర్రగా కాలి తానే నిప్పు పెడుతుంది కూడా. వేడి రేంజి తప్పు ప్లగ్గులు వేసినా ఇదే తంతు. రేడియేటర్ ఫ్యాన్ సరిగ్గా తిరగట్లేదా, కూలెంట్ తగ్గిందా, థర్మోస్టాట్ ఇరుక్కుందా చూపించండి. ఇంజెక్టర్ మూసుకుపోయి పెట్రోలు తక్కువ పడుతున్నా మిశ్రమం పలచబడి నాక్ కొడుతుంది.

టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో తక్కువ వేగంలో గట్టిగా తొక్కినప్పుడు ఒక్కసారిగా "ఠప్" మనే పెద్ద దెబ్బ వినిపిస్తే అది వేరే జబ్బు. స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకోవడం అది. దానికి ఇంజిన్ ఆయిల్ కూడా ఒక కారణం. కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిలే పోయించండి, ఏపీఐ ఎస్‌ఎన్ ప్లస్ లేదా ఎస్‌పీ అని డబ్బా మీద ఉంటుంది. చవక ఆయిల్ పోసి వంద ఆక్టేన్ పెట్రోలు కొట్టించడం వృథా.

ఒకే బంకులో పోయించాకే నాకింగ్ మొదలైతే కల్తీ అనుమానించాలి. కిరోసిన్ ఆక్టేన్ చాలా తక్కువ, కొంచెం కలిసినా తేడా తెలుస్తుంది. బంకులో ఫిల్టర్ పేపర్ అడిగే హక్కు మీకుంది. నాజిల్ మూతి తుడిచి, పేపర్ మీద ఒక చుక్క వేయించండి. రెండు నిమిషాల్లో ఆరిపోయి మరక మిగలకపోతే మంచిది. రంగు తాలూకు లేత గులాబీ ఛాయ ఉంటే కంగారు పడొద్దు, జిడ్డు మచ్చ మిగిలితే అనుమానించాలి. బంకులో రాసిన డెన్సిటీ 720కి, 775కి మధ్య ఉండాలి.

లాభమో నష్టమో మీరే లెక్క వేసుకోండి

95 సిఫారసు ఉన్న కారు మీదైతే ఒక ప్రయోగం చేయండి. ట్యాంకు అడుగంటాక మామూలు పెట్రోలు నాజిల్ తనంతట ఆగేదాకా ఫుల్ చేయించి, ట్రిప్ మీటర్ సున్నా పెట్టండి. మీ రోజువారీ దారిలోనే తిరగండి. మళ్లీ అదే బంకులో, అదే పంపు దగ్గర ఫుల్ చేయించి, తిరిగిన కిలోమీటర్లని పోసిన లీటర్లతో భాగించండి. తర్వాత ఇదే పద్ధతిలో ఎక్కువ ఆక్టేన్‌తో రెండు ట్యాంకులు నడపండి. మొదటి ట్యాంకులో పాత పెట్రోలు కొంత కలిసి ఉంటుంది, కంప్యూటర్ కూడా సర్దుకోవాలి కాబట్టి రెండోదాని లెక్కే తీసుకోండి. టైర్లలో గాలి రెండుసార్లూ ఒకేలా ఉండాలి.

ఇప్పుడు ధర పక్కన పెట్టి చూడండి. మామూలుది 108, ప్రీమియం 116 అనుకుందాం. మైలేజీ 15 వచ్చే కారు 16.1 ఇస్తే పెట్టిన డబ్బు వచ్చినట్టు. 160 రూపాయల పెట్రోలు గిట్టుబాటు కావాలంటే అదే కారు 22 దాటాలి. ఏ పెట్రోలూ అంత తేడా తెచ్చిపెట్టదు. మైలేజీ కోసమే ప్రీమియం పోయించేవాళ్లు ఈ ఒక్క భాగహారం చేస్తే చాలామంది మానేస్తారు. ఊపు కోసమైతే లెక్క వేరు, అది సరదా ఖర్చు.

ఈమధ్య మైలేజీ తగ్గిందని ఆక్టేన్‌ని అనుమానించేవాళ్లు ఎక్కువయ్యారు. అక్కడ అసలు కారణం ఇథనాల్ అయి ఉండొచ్చు. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలుకంటే దాదాపు మూడోవంతు తక్కువ. ఇథనాల్ లేని పెట్రోలుకి తయారై 10 శాతానికి ట్యూన్ చేసిన కార్లలో 20 శాతం పోస్తే మైలేజీ 6, 7 శాతం దాకా తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. 20 శాతం ఇథనాలే ఉన్న ప్రీమియం కొట్టించినా ఆ లోటు పూడదు.

సీసాల్లో అమ్మే ఆక్టేన్ బూస్టర్ల జోలికి వెళ్లేముందు లేబుల్ చదవండి. "10 పాయింట్లు పెంచుతుంది" అంటే 91 కాస్తా 101 అవుతుందని కాదు, ఆ లెక్కలో 10 పాయింట్లంటే ఒక్క అంకె. రెండు రకాల పెట్రోలు కలపడంలో మాత్రం ప్రమాదం లేదు. సగం 91, సగం 95 ఉంటే 93కి అటూ ఇటూ అవుతుంది.

విదేశాల్లో ఉన్నవాళ్లకి

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పంపు మీద 87, 89, 93 చూసి మన 91తో పోల్చకండి. అమెరికాలో రెండు రకాల పరీక్షల సగటు రాస్తారు, మన దగ్గర రాసేది అందులో ఒకటే. వాళ్ల 87 మన 91కి దగ్గర, వాళ్ల 91 మన 95కి దగ్గర. ఇండియా నుంచి వెళ్లినవాళ్లు 91 అలవాటుతో ప్రీమియం నాజిల్ పట్టుకుని ఏళ్ల తరబడి గ్యాలనుకి అదనంగా కడుతుంటారు. కామ్రీకి, సివిక్‌కి సాధారణంగా 87 చాలు. డెన్వర్ లాంటి ఎత్తైన ఊళ్లలో 85 కూడా కనిపిస్తుంది. మాన్యువల్ 87 అంటే అక్కడా 87 పోయించండి. దుబాయ్‌లో 91, 95, 98 మూడూ మన లెక్కలోనే ఉంటాయి, ఆస్ట్రేలియాలోనూ అంతే.

పొరపాటున తప్పు పెట్రోలు పడితే

91 చాలే కారులో 100 పడితే జేబుకి తప్ప దేనికీ నష్టం లేదు. 95 తప్పనిసరి అన్న కారులో తక్కువ ఆక్టేన్ పడితే ఆ ట్యాంకు నెమ్మదిగా నడపండి. ఘాట్లు, ఓవర్‌టేకులు, నిండా సామాను వద్దు. సగానికి వచ్చాక దొరికిన ఎక్కువ ఆక్టేన్‌తో నింపేయండి. డీజిల్ పడితే మాత్రం కారు స్టార్ట్ చేయకండి, తాళం కూడా తిప్పొద్దు. చాలా కార్లలో తాళం తిప్పగానే పంపు పనిచేసి ఆ డీజిల్‌ని ఇంజెక్టర్ల దాకా తోస్తుంది. న్యూట్రల్‌లో పెట్టి నలుగురి చేత పక్కకి తోయించండి, మెకానిక్‌ని పిలిపించి ట్యాంకు ఖాళీ చేయించండి, బిల్లు దగ్గర పెట్టుకోండి.